అందరూ సరేనన్న చోట ‘నేను ఒప్పుకోను’ అని చెప్పడం ఎలా?

ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే, వేషాలే వేరు. “మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో అందరూ ఒక నిర్ణయానికి సరేనన్నారు, నాకు నచ్చలేదు, చెప్తే ఏమవుతుంది?” అని కూకట్‌పల్లి నుంచి ఒకరు. “చందా ఇవ్వనన్నామని పలకరించడమే మానేశారు” అని మల్కాజిగిరి నుంచి ఇంకొకరు. “ఎమ్మెల్యే మీద పోస్ట్ పెడితే పోలీసులు ఇంటికొస్తారా అన్నా?” అని ఉప్పల్ కుర్రాడు. విడివిడిగా జవాబులు రాసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెడుతున్నాను.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ పట్టుకుని నడుస్తాను. మీ అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి ఒక మెసేజ్ వచ్చిందనుకోండి: “రేపటి నుండి పనిమనుషులు, డెలివరీ బాయ్స్ లిఫ్ట్ వాడరాదు. వాడినచో సంబంధిత ఫ్లాట్‌కు రూ.500 ఫైన్. ఇట్లు, కమిటీ.” పది నిమిషాల్లో దాని కింద బొటనవేళ్లు, దండాలు, ‘గుడ్ డెసిషన్ సార్’లు. మీరుండేది ఐదో అంతస్తు. మీ ఇంట్లో పనిచేసే ఆమెకి మోకాళ్ల నొప్పులు. మీకు ఒళ్లు మండుతోంది, కానీ ఫోన్ పక్కన పెట్టేశారు.

మీ గొడవ ఇంకోటి కావచ్చు. బ్యాచిలర్లకి ఇల్లివ్వకూడదనడం, వినాయక చవితి చందా తప్పనిసరి చేయడం, వీధి కుక్కలకి అన్నం పెట్టొద్దనడం, ఏదైనా సరే. పద్ధతి మాత్రం ఇదే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- నిర్ణయం ఉన్న అసలు మెసేజ్ స్క్రీన్‌షాట్, తేదీ, టైమ్ కనపడేలా. మెసేజ్‌లు డిలీట్ అవుతాయి, అందుకే ముందు ఇది.
- అసోసియేషన్ బైలాస్ (సంఘం నియమావళి) కాపీ. సెక్రటరీ ఇవ్వకపోతే, సంఘం ఎక్కడ రిజిస్టర్ అయిందో అక్కడ, చాలావాటికి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో, ఫీజు కట్టి తీసుకోవచ్చు.
- ఒక నోట్‌బుక్. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాసుకోడానికి.
- మీతో పాటు ఇంకొక మనిషి. ఒక్కరు చాలు.
- ఒక రాత్రి ఆగే ఓపిక. ఇదే అన్నిటికంటే కష్టం.

1. మీ భయం పోలీసులదా, పక్కింటివాళ్లదా?

ఒక కాగితం మీద ఇలా పూర్తి చేయండి: “నేను ఈ మాట అంటే జరగగలిగే అతి చెడ్డ సంగతి ఏమిటంటే...” మీరు రాసినదాంట్లో కేసు, నోటీసు, స్టేషన్ లాంటి మాటలుంటే 5, 9 దశలు జాగ్రత్తగా చదవండి. ‘మాట్లాడరు’, ‘పిల్లల్ని ఆటకి పిలవరు’, ‘పార్కింగ్‌లో సతాయిస్తారు’ లాంటివుంటే 3, 4, 7 మీకోసం.

ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే సగం టెన్షన్. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చే భావ ప్రకటన స్వేచ్ఛ ప్రధానంగా ప్రభుత్వం మీ నోరు నొక్కకుండా కాపాడేది. పక్క ఫ్లాట్ ఆంటీ మీతో మాట్లాడటం మానేస్తే రాజ్యాంగం చేసేదేమీ లేదు. మాట్లాడకపోవడం ఆవిడ స్వేచ్ఛ. నాకొచ్చే ప్రశ్నల్లో ఎక్కువ పోలీసుల పేరుతో మొదలవుతాయి, కాస్త తవ్వితే అసలు భయం నలుగురూ ఏమనుకుంటారోనని. అది చిన్న భయం అనడం లేదు. రోజూ లిఫ్ట్‌లో ఎదురుపడేది వాళ్లే మరి. కాకపోతే దానికి మందు వేరు.

ఇదే నగరంలో 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని, హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని రాసినందుకు, రజాకార్ల మీద రాసినందుకు, నడిరోడ్డు మీద చంపేశారు. దాని పక్కన పెట్టి చూస్తే గ్రూప్‌లో వచ్చే కోపం ఎమోజీ ఎంతటిదో తెలుస్తుంది. అలాగని అందరినీ షోయబుల్లా ఖాన్‌లు కమ్మని చెప్పడానికి నాకు నోరు రాదు. ఇంట్లో పిల్లల చదువు, ఇంటి లోన్ ఉన్నవాళ్లు తెలివిగా చెప్పడం నేర్చుకోవాలి, అంతే.

జాగ్రత్త: ప్రభుత్వోద్యోగులకి ప్రవర్తనా నియమావళి ఉంటుంది, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శిస్తే శాఖాపరమైన చర్యకి అవకాశం ఉంది. హైటెక్ సిటీలో ప్రైవేటు ఉద్యోగమైతే కంపెనీ సోషల్ మీడియా పాలసీ ఒకసారి తిరగేయండి. మీరు చేరినప్పుడు చదవకుండా సంతకం పెట్టిన కాగితాల్లోనే అది ఉండి ఉంటుంది.

2. నిర్ణయం ఎవరు తీసుకున్నారో చూడండి

‘కమిటీ నిర్ణయించింది’ అన్న మాట విని ఆగిపోకండి. మీటింగ్ జరిగిందా? నోటీసు ఇచ్చారా? కోరం, అంటే కావాల్సినంత మంది సభ్యులు, ఉందా? మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, రాశారా? జరిమానా వేయొచ్చని బైలాస్‌లో ఎక్కడైనా ఉందా? చాలాసార్లు ప్రెసిడెంట్ గారు, ఇంకో ఇద్దరు పార్కింగ్‌లో నిలబడి మాట్లాడుకున్నది సాయంత్రానికి ‘తీర్మానం’ అవుతుంది. ఇది తేలితే మీరు మనసుల్ని మార్చాల్సిన పని కూడా పెద్దగా ఉండదు, పద్ధతి గురించి అడిగితే చాలు.

3. ఒక్క మనిషిని వెతకండి

సిద్ధాంతం ఇక్కడ ఒక్కటే చెప్తాను. 1950లలో సాల్మన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో ఒక ప్రయోగం చేశాడు. గీతల పొడవు పోల్చి చెప్పాలి, చిన్నపిల్లలు కూడా చెప్పగలిగినంత తేలిక. గదిలో మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెప్తుంటే, అసలు మనిషి కూడా సుమారు మూడింట ఒక వంతు సార్లు వాళ్లతో పాటు తప్పే చెప్పాడు. గదిలో ఇంకొక్కరు సరైన జవాబు చెప్పగానే ఆ తప్పులు నాలుగో వంతుకి పడిపోయాయి. అంటే మీకు మెజారిటీ అక్కర్లేదు, ఇంకో గొంతు కావాలి.

ఎవరిని అడగాలి? బొటనవేలు పెట్టనివాళ్లని. ఆ జాబితా గ్రూప్‌లోనే ఉంది, ఎవరూ చూడరు. అలా ఊరుకున్నవాళ్లలో బద్ధకస్తులుంటారు, ఊళ్లో లేనివాళ్లుంటారు, మీలాగే ఫోన్ పక్కన పెట్టేసినవాళ్లూ ఉంటారు. పొద్దున వాకింగ్‌లోనో, పాల ప్యాకెట్ దగ్గరో కలిసినప్పుడు “నాకు సపోర్ట్ చేస్తారా?” అని అడగొద్దు. “లిఫ్ట్ సంగతి మీకెలా అనిపించింది అక్కా?” అనండి. మొదటి ప్రశ్నకి జనం బెదురుతారు, రెండోదానికి మాట్లాడతారు. అద్దెకున్నవాళ్లు ఓనర్ వైపు చూస్తారు, వాళ్లని ఇరుకున పెట్టకండి.

పొరపాటున కూడా చేయకూడనిది: పదిమందితో రహస్య గ్రూప్ ఒకటి తెరవడం. మూడో రోజుకి దాని స్క్రీన్‌షాట్లు కమిటీ చేతిలో ఉంటాయి. అప్పటి నుంచి చర్చ లిఫ్ట్ గురించి ఉండదు, మీ కుట్ర గురించి ఉంటుంది.

ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. ‘మనకెందుకొచ్చిన గొడవ’ అనేది మొదట వినపడేది బయట నుంచి కాదు, మన డైనింగ్ టేబుల్ దగ్గరే. మీరు రాసిందానికి ఎదురయ్యే చూపులు ఇంట్లో ఆడవాళ్లకి, పిల్లలకి కూడా ఎదురవుతాయి కాబట్టి అడిగే హక్కు వాళ్లకి ఉంది.

4. మాట రాసుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. కోపంలో జనం సాధారణంగా రాసేది ఇలా ఉంటుంది:

“కొంతమందికి డబ్బు మదం బాగా ఎక్కింది. ప్రెసిడెంట్ గారు బిల్డర్ దగ్గర తిన్నది చాలక ఇప్పుడు పేదోళ్ల మీద పడ్డారు. సిగ్గుండాలి!!!”

మూడు వాక్యాలు, మూడు నష్టాలు. ‘కొంతమంది’ అనగానే గ్రూప్‌లో ప్రతివాడూ అది తననే అనుకుంటాడు. అప్పటిదాకా మీవైపు మొగ్గిన వాళ్లు కూడా అటు వెళ్తారు. రెండో వాక్యంలో రుజువు లేని అవినీతి ఆరోపణ ఉంది, పరువునష్టం కేసుకి దారి అదే. మూడోదానికి జవాబు ‘సిగ్గు నీకుండాలి’ తప్ప ఇంకోటి రాదు. లిఫ్ట్ అన్న మాట మెసేజ్‌లో ఒక్కసారీ లేదు చూశారా?

ఇప్పుడు ఇది చదవండి:

“కమిటీ సభ్యులకు నమస్కారం. నిన్న పెట్టిన లిఫ్ట్ నిర్ణయానికి నేను ఒప్పుకోవడం లేదు. మన ఇళ్లలో పనిచేసేవాళ్లు రోజుకి నాలుగైదు ఫ్లాట్లు తిరుగుతారు, వాళ్లలో వయసు పైబడినవాళ్లున్నారు, ఐదంతస్తులు ఎక్కి దిగమనడం నాకు న్యాయంగా అనిపించలేదు. జరిమానా వేసే అధికారం బైలాస్‌లో నాకు కనపడలేదు, ఉంటే ఏ క్లాజో చెప్పగలరు. ఉదయం రద్దీయే సమస్య అయితే 8 నుంచి 9 వరకు స్కూలు పిల్లలకి ముందు అవకాశం ఇద్దాం. ఈ విషయం వచ్చే జనరల్ బాడీ అజెండాలో పెట్టమని కోరుతున్నాను. ఫ్లాట్ 504.”

ఇందులో ఏముందో గమనించండి. ఒప్పుకోవడం లేదన్న మాట రెండో వాక్యంలోనే వచ్చేసింది. ‘తప్పుగా అనుకోకండి’, ‘నేనేదో తెలియనివాణ్ణి’ లాంటి ముందుమాటలు లేవు. మర్యాద కోసం అవి పెడతాం, చదివేవాళ్లకి మీరు సగం వెనక్కి తగ్గినట్టు కనిపిస్తుంది. ఒక్క మనిషి పేరూ లేదు. వాళ్ల సమస్యని కూడా ఒప్పుకుని దారి చూపించారు. చివర అడిగింది ఒక్కటే, అజెండాలో పెట్టమని. మూడు కోరికలు అడిగితే అందులో తేలికైనది ఒప్పుకుని మిగతావి వదిలేస్తారు.

రాశాక గట్టిగా చదివి వినండి. ఇదే మాట ప్రెసిడెంట్ గారి ఎదుట కూర్చుని, ఆయనిచ్చిన టీ తాగుతూ అనగలరా? అనలేని వాక్యం ఏదైనా ఉంటే కొట్టేయండి.

5. చట్టం గీసిన గీత ఎక్కడుందో చూసుకోండి

రాజ్యాంగం 19(2) ప్రకారం భావ ప్రకటన మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టగలిగే కారణాలు ఎనిమిదే: దేశ సార్వభౌమత్వం-సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపించడం. ‘మెజారిటీకి నచ్చలేదు’ అన్నది ఈ జాబితాలో లేదు. ‘మనసు నొచ్చుకుంది’ అన్నదీ లేదు.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది. పోస్ట్ నొక్కేముందు దాంట్లో మనకి తగిలే సెక్షన్లు ఇవి:

- పరువునష్టం, సెక్షన్ 356. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. నిజం చెబితే చాలు అనుకుంటారు చాలామంది. మినహాయింపు దొరకాలంటే అది నిజం కావాలి, ప్రజాహితం కోసం చెప్పిందీ కావాలి. అభిప్రాయానికీ ఆరోపణకీ తేడా ఇక్కడే. ‘ఈ ఖర్చుకి లెక్క చూపలేదు, చూపండి’ అనడం వేరు, ‘తినేశారు’ అనడం వేరు. అనుమానం ఉంటే రుజువులతో రిజిస్ట్రార్‌కి ఫిర్యాదు ఇవ్వండి. అధికారం ఉన్నవాళ్లకి సదుద్దేశంతో చేసే ఫిర్యాదుకి చట్టంలోనే మినహాయింపు ఉంది.
- మతం, కులం, భాష, ప్రాంతం పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం, సెక్షన్ 196. మూడేళ్ల వరకు జైలు. గొడవ లిఫ్ట్ మీద మొదలై ‘వీళ్లంతా ఇంతే’ అన్న మాట దగ్గరికి చేరిందంటే వెంటనే ఆపేయండి. చట్టం లేకపోయినా ఆపాల్సిందే.
- ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మత విశ్వాసాలను అవమానించడం, సెక్షన్ 299.
- బెదిరింపు, సెక్షన్ 351. ‘నీ సంగతి చూస్తా’ అని కోపంలో అన్నా రికార్డు రికార్డే.
- స్త్రీని అవమానించే మాట, సైగ, సెక్షన్ 79. ఒక మహిళా సభ్యురాలితో విభేదించేటప్పుడు ఆవిడ బట్టలు, కాపురం, రాకపోకల జోలికి పోతే మీకు ఏ స్వేచ్ఛా అండగా రాదు.
- ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని పదిమంది ఎదుట కులం పేరుతో దూషించడం. ఇది ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుంది.

ఇప్పుడు రెండోవైపు. ‘చిరాకు కలిగించే’ పోస్టులకి కూడా జైలు అన్న ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. చర్చించడం, ఒక వాదాన్ని బలపరచడం వేరు, రెచ్చగొట్టడం వేరు, మూడోదాని దగ్గరే ఆంక్ష మొదలవుతుందని ఆ తీర్పు చెప్పింది. 2025 మార్చిలో, ఒక ఎంపీ షేర్ చేసిన కవిత మీద పెట్టిన ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేస్తూ, మాట ప్రభావాన్ని స్థిరమైన, ధైర్యమున్న మనుషుల ప్రమాణంతో చూడాలి గానీ ప్రతి విమర్శనీ ముప్పుగా భావించేవాళ్ల ప్రమాణంతో కాదని అదే కోర్టు అంది. 2025 సెప్టెంబరులో మన తెలంగాణ హైకోర్టు కూడా సోషల్ మీడియా పోస్టుల మీద యాంత్రికంగా ఎఫ్‌ఐఆర్‌లు కట్టొద్దని, ముందు ప్రాథమిక విచారణ చేయాలని, రాజకీయ విమర్శకి రక్షణ ఉందని పోలీసులకి మార్గదర్శకాలు ఇచ్చింది. ఉప్పల్ తమ్ముడూ, ఎమ్మెల్యే పనితీరు మీద, రోడ్డు గుంతల మీద, హామీల మీద ఎంత ఘాటుగానైనా రాయి. ఆయన కుటుంబాన్ని లాగకు, మార్ఫింగ్ ఫొటో పెట్టకు, ఫార్వర్డ్‌లో వచ్చిన అంకెల్ని నీవిగా రాయకు.

గ్రూప్ అడ్మిన్లకి ఒక మాట: సభ్యుడు పెట్టిన పోస్టుకి, అందులో మీ పాత్ర లేకపోతే, కేవలం అడ్మిన్ అయినందుకు శిక్ష పడదని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి. ‘నా మీద కేసవుతుంది’ అని ప్రతి అసమ్మతినీ డిలీట్ చేయక్కర్లేదు.

6. ఎక్కడ, ఎప్పుడు చెప్పాలి

రాత్రి పదకొండుకి కాదు. ముందు సెక్రటరీకి లేఖ ఇవ్వండి, రెండో కాపీ మీద ‘అందింది’ అని సంతకం, తేదీ వేయించుకోండి. సంతకం పెట్టనంటే ఈమెయిల్ చేయండి, లేదా స్పీడ్ పోస్టులో పంపండి. తర్వాతే గ్రూప్. ఇలా చేస్తే ‘మాకు చెప్పకుండా బజారుకెక్కించారు’ అనే మాటకి ఆస్కారం ఉండదు.

మీటింగ్‌లో అయితే మొదట్లోనే మాట్లాడండి. నలుగురు సీనియర్లు ‘చాలా మంచి నిర్ణయం’ అన్నాక మీ మాటకి బరువు తగ్గుతుంది. చేయెత్తండి, రాసుకున్నది చదవండి, కూర్చోండి. ఓటు ఓడిపోతే గొడవ పడకుండా ఒకటే అడగండి: “ఫ్లాట్ 504 అసమ్మతి తెలిపింది అని మినిట్స్‌లో రాయండి సార్.” రాసేదాకా మర్యాదగా అక్కడే ఉండండి. మౌనం అర్ధాంగీకారం అనే లోకం కదా, కాగితం మీద లేని అసమ్మతిని ఆరు నెలలకి ‘ఏకగ్రీవం’ అనేస్తారు.

మాట్లాడలేనివాళ్లకి ఇంకో దారి ఉంది. ఊరుకోవడం. ‘అందరూ ఈ డీపీ పెట్టుకోవాలి’, ‘అందరూ ఈ నినాదం రాయాలి’ అన్నప్పుడు రాయకపోవడం కూడా మీ హక్కే. కేరళలో ముగ్గురు బడి పిల్లల కేసులో 1986లో తీర్పు వచ్చింది. జాతీయ గీతానికి మర్యాదగా లేచి నిలబడ్డారు, తమ మత విశ్వాసం వల్ల పాడలేదు. బడి నుంచి తీసేశారు. పాడకపోవడం అగౌరవం కాదని చెప్పి సుప్రీంకోర్టు వాళ్లని తిరిగి బడిలో చేర్చుకోమంది. మీ ఊరుకోవడం గురించి ఎవరైనా అడిగితే “నాకు ఇష్టం లేదండి” అంటే చాలు, కారణం చెప్పాల్సిన పని లేదు.

7. ఆ తర్వాతి రెండు మూడు రోజులు

ఈ నాలుగూ వస్తాయి, ముందే తెలిసుంటే తట్టుకోవచ్చు.

“లైట్ తీస్కో అన్నా, ఇంత చిన్నదానికి...” దీనికి జవాబు అక్కర్లేదు.

“ఒక్కరి కోసం రూల్ మారుస్తామా?” దీనికి ఒకసారి, “మార్చమనలేదండి, అజెండాలో పెట్టమన్నాను” అనండి.

“అంత ప్రేముంటే మీ ఇంట్లో పెట్టుకోండి.” వెటకారానికి వెటకారం ఇచ్చారా, మీ మంచి మెసేజ్ పైకి వెళ్లిపోయి ఇదే మిగులుతుంది.

నాలుగోది మౌనం. మెసేజ్ పెట్టిన గంట సేపు గ్రూప్‌లో ఎవరూ ఏమీ అనరు, తర్వాత ఎవరో పుట్టినరోజు కేకు ఫొటో పెడతారు. మనిషిని ఎక్కువ కుంగదీసేది ఇదే. అప్పుడు మీరు వెతికి పెట్టుకున్న ఆ ఒక్క మనిషి “504 వారు చెప్పిన దాంట్లో పాయింట్ ఉంది, మీటింగ్‌లో మాట్లాడుకుందాం” అని ఒక లైన్ రాయాలి. ముందే మాట్లాడుకోమన్నది ఇందుకే.

మీరు మాత్రం రోజుకి ఒక్క జవాబు దాటొద్దు. గ్రూప్ నుంచి తీసేస్తే, సభ్యుడిగా నీళ్లు, కరెంటు, మీటింగ్ నోటీసులు నాకు వేరేగా పంపమని సెక్రటరీకి రాయండి. వాట్సాప్ గ్రూప్‌లో ఉండటం హక్కు కాకపోవచ్చు, సభ్యుడికి నోటీసు అందడం హక్కే.

8. ఒత్తిడి వేధింపు అయితే

మొహం తిప్పుకోవడం వేధింపు కాదు. మీ కారు టైరు గాలి తీయడం, నీళ్లు ఆపడం, గేటు దగ్గర మీ అతిథుల్ని అడ్డగించడం, రాత్రిపూట ఫోన్లు, ఇవి వేధింపు. ప్రతిదీ తేదీతో నోట్‌బుక్‌లో రాయండి, ఫొటోలు దాచండి.

- అసోసియేషన్ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటే, సెక్షన్ 23 ప్రకారం సంఘ వ్యవహారాల మీద వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తిత్వానికి) గానీ జిల్లా కోర్టుకి గానీ తీసుకెళ్లొచ్చు. పరస్పర సహాయ సహకార సంఘంగా రిజిస్టర్ అయి ఉంటే దారి వేరు, ముందు సర్టిఫికెట్ చూడండి.
- బెదిరింపులుంటే 112కి ఫోన్, తర్వాత రాతపూర్వక ఫిర్యాదు. రసీదు తీసుకోవడం మరవొద్దు.
- ఆడవాళ్లని వెంటపడటం, అసభ్య మెసేజ్‌లు అయితే షీ టీమ్స్‌కి (మహిళల భద్రత చూసే పోలీసు బృందాలకి) చెప్పండి. హైదరాబాద్ షీ టీమ్స్ వాట్సాప్ నంబరు 9490616555.
- ఎస్సీ, ఎస్టీ కుటుంబాన్ని సాంఘికంగా, ఆర్థికంగా వెలివేయడం, వెలివేస్తామని బెదిరించడం అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జెడ్‌సి) కింద నేరం. దీన్ని ‘అపార్ట్‌మెంట్ అంతర్గత విషయం’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

9. పోలీసుల నుంచి పిలుపు వస్తే

ముందు అది నిజమైనదేనా చూడండి. ‘మీ పోస్ట్ మీద కేసుంది, వీడియో కాల్‌లో ఉండండి, డబ్బు పంపండి’ అంటే అది డిజిటల్ అరెస్ట్ మోసం. అలాంటి అరెస్ట్ చట్టంలో లేదు. ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

నిజమైనదైతే, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో సాధారణంగా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తారు, నేరుగా అరెస్ట్ ఆనవాయితీ కాకూడదు. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. అలాగని వచ్చిన మెసేజ్‌ని నిర్లక్ష్యం చేయకండి, లాయర్‌కి చూపించండి. నోటీసు చేతికి వస్తే చెప్పిన రోజున వెళ్లండి, వెళ్లకపోతే అరెస్ట్‌కి మీరే కారణం ఇచ్చినట్టు. పోస్ట్ కంగారుగా డిలీట్ చేయకుండా ముందు లాయర్‌ని అడగండి. ఫోన్ పాస్‌వర్డ్ సంగతీ అంతే.

పరువునష్టం అయితే పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదు. నష్టపోయానన్న వ్యక్తే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. ‘డిఫమేషన్ కేసు పెట్టి లోపలేయిస్తా’ అని గ్రూప్‌లో ఎవరైనా అంటే ఆ ‘లోపల’ చాలా దూరంలో ఉందని తెలుసుకోండి.

10. సమస్య గేటు దాటి బయటిదైతే

రోడ్డు, నాలా, చెరువు లాంటివైతే కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి, పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ధర్నా అయితే ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్ ఉంది, పోలీసుల అనుమతికి ముందుగా రాతపూర్వకంగా అడగాలి. 2017లో అప్పటి ప్రభుత్వం అక్కడ ధర్నాలు ఆపి ఊరి బయటికి పంపితే విషయం హైకోర్టు దాకా వెళ్లింది, 2018లో కోర్టు అక్కడ నిరసనలకి మళ్లీ దారి తెరిచింది. నిరసనకి చోటు కోసం కూడా ఈ ఊళ్లో నిరసన చేయాల్సి వచ్చింది.

తరచుగా జరిగే పొరపాట్లు

అందరికంటే ముందు కనపడేది, ఒక నిర్ణయాన్ని కాదనడానికి వెళ్లి పాత బాకీలన్నీ తీర్చుకోవడం. పార్కింగ్, పోయినేడాది మెయింటెనెన్స్, వాళ్ల కుక్క, అన్నీ ఒకే మెసేజ్‌లో. ఒకసారికి ఒకటే.

‘చాలామంది నాతో అన్నారు’ అని రాయడం. ఎవరన్నారని అడుగుతారు, మీరు పేర్లు చెప్పలేరు. మీ మాట మీదిగానే చెప్పండి.

మీకు నచ్చని మాట ఇంకొకరు అన్నప్పుడు ‘ఈయన్ని గ్రూప్ నుంచి తీసేయండి’ అనడం. ఇది చేసినవాళ్లే రేపు నాకు ఫోన్ చేసి స్వేచ్ఛ గురించి అడుగుతారు. నవ్వొస్తుంది గానీ పైకి అనను.

లైవ్ వీడియో పెట్టడం. కోపంలో వచ్చిన మాట దాంట్లో వెనక్కి రాదు.

ఫలించిందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ వైపు ఎన్ని బొటనవేళ్లు వచ్చాయో లెక్కపెట్టకండి, అది కొలత కాదు. ఇవి చూడండి: మీ అసమ్మతి మినిట్స్‌లో ఎక్కిందా, కాపీ మీ దగ్గరుందా? చర్చ మీ మీద జరుగుతోందా, లిఫ్ట్ మీదా? మీ మీదైతే మెసేజ్‌ని మళ్లీ చదవండి, ఎక్కడో మనిషి పేరు దొర్లి ఉంటుంది. ఎవరైనా విడిగా కలిసి ‘మీరన్నది కరెక్టే’ అన్నారా? అంటే వచ్చే మీటింగ్‌కి వాళ్లని పిలవండి. నిర్ణయం రద్దయితే ఆ సంగతి వాచ్‌మన్‌కి ఎవరైనా చెప్పారా? గ్రూప్‌లో రద్దయిన రూల్ గేటు దగ్గర నెలల తరబడి నడుస్తూనే ఉంటుంది, పాత నోటీసు చింపించండి.

లేఖ ఇచ్చి నెల దాటినా జవాబు రాకపోతే పాత లేఖ కాపీ జతచేసి రెండు లైన్ల రిమైండర్ ఇవ్వండి, పదిహేను రోజుల గడువు రాయండి. అదీ దాటితే లాయర్‌ని కలిసేముందు ఖర్చెంతో, ఎన్నాళ్లు పట్టొచ్చో అడిగి, ఇంట్లో కూర్చుని ఒక నిర్ణయానికి రండి. ప్రతి అసమ్మతీ కోర్టు దాకా వెళ్లాల్సిన పని లేదు. కొన్నిటికి వచ్చే ఏడాది కమిటీ ఎన్నికల్లో నామినేషన్ వేయడం చవకైన దారి, ఆ పద్ధతి ఏమిటో కూడా బైలాస్‌లోనే ఒకసారి చూడండి.